మత్తడి కింది నురగతో జాగ్రత్త: సిమెంటు పరుపును లేపేది అదే

చెరువు నిండి మత్తడి దూకిందంటే ఊరంతా పండుగే. పిల్లాజెల్లా, ముసలీముతకా అంతా కట్ట మీదికి చేరతారు. అందరి కళ్లూ మత్తడి మీద అద్దంలా జారే నీటి మీదే ఉంటాయి. నిజానికి చూడాల్సిన చోటు అది కాదు. ఆ నీరు కింద పడ్డాక తెల్లగా నురగలు కక్కుతూ, గిరగిరా తిరుగుతూ, కుండలో ఎసరులా కుతకుతలాడే చోటు ఒకటుంటుంది. మీ మత్తడి పదేళ్లు నిలుస్తుందా, వచ్చే వానాకాలానికే బీటవారుతుందా అనేది అక్కడే తేలుతుంది.

మత్తడి అని మన వైపు అంటాం. కోస్తాలో అలుగు, కలుజు అంటారు, అనంతపురం వైపు మరువ అంటారు. పేరేదైనా పని ఒకటే. చెరువు పట్టలేని నీటిని కట్ట తెగకుండా కిందికి వదలడం. ఆ నీరు పడేచోట నేల కోసుకుపోకుండా వేసిన సిమెంటు పరుపును ఇంజనీర్లు ఏప్రాన్ అంటారు. పెద్ద డ్యాముల దగ్గరైతే ఇదే ఒక పెద్ద తొట్టిలా ఉంటుంది. పరిమాణంలోనే తేడా. నీటి గుణం మాత్రం శ్రీరాంసాగర్ దగ్గరైనా మీ ఊరి చెరువు దగ్గరైనా ఒకటే.

నీరు ఎందుకు ఎగదన్నుతుంది?

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. బోరు పైపు నీళ్లు చదునైన గచ్చు మీద పడేలా పెట్టండి. పడిన చోటు చుట్టూ నీరు పలుచగా, వేగంగా, నున్నగా పరుచుకుంటుంది. కొంచెం దూరం పోయాక ఒక్కసారిగా గట్టులా లేచి మందంగా, నెమ్మదిగా సాగుతుంది. ఆ గట్టు దగ్గరే నురగ. దీన్ని ఇంజనీర్లు హైడ్రాలిక్ జంప్ అంటారు. మనం జంప్ అనే అందాం. ఇటలీలోని టురిన్‌లో బిడోన్ అనే ఆయన దాదాపు రెండొందల ఏళ్ల కిందటే దీన్ని కొలతలు పెట్టి పరిశీలించాడు.

ఎత్తు నుంచి దూకిన నీటికి పొగరెక్కువ. పలుచగా ఉండి వేగంగా పోతుంది. ముందున్న నీరు లోతుగా, నెమ్మదిగా ఉంటుంది. ఈ రెండూ కలిసిన చోట వేగంగా వచ్చేది ఎగదన్ని, తనలో తాను తిరగబడి, సుడులుగా విరిగి, ఉన్న బలమంతా అక్కడే ఖర్చు చేసుకుంటుంది. జంప్ దాటిన నీరు సాధువులా వాగులోకి పోతుంది. అంటే జంప్ మనకు మేలు చేసేదే. అది లేకపోతే ఆ వేగమంతా వాగు గట్లను, పక్కన ఉన్న మీ మడిని కోసేస్తుంది.

ఒక లెక్క చూద్దాం. మత్తడి ఏప్రాన్ నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంది, దాని మీద రెండడుగుల పైచిలుకు నీరు దూకుతోంది అనుకోండి. అప్పుడు మత్తడి పొడవులో ప్రతి అడుగుకూ సుమారు 10 క్యూసెక్కుల నీరు పోతుంది. కింద పడేసరికి దాని వేగం సెకనుకు 20 అడుగులు. మందం మాత్రం అరడుగే. ఈ అరడుగు నీరు జంప్‌లో ఎగదన్ని సుమారు మూడుంబావు అడుగుల లోతుకు చేరుతుంది. జంప్ పొడవు దాదాపు 20 అడుగులు ఉంటుంది. ఆ 20 అడుగుల్లోనే నీటి బలంలో దాదాపు సగం కరిగిపోతుంది.

ఇందులో గుర్తుంచుకోవాల్సింది ఆ మూడుంబావు అడుగుల లోతు. మత్తడి కింద వాగులో ఆ మాత్రం నీరు నిలిస్తేనే జంప్ ఏప్రాన్ మీద నిలుస్తుంది. నిలవకపోతే జంప్ జరిగి జరిగి ఏప్రాన్ దాటి మట్టి మీదికి పోతుంది. ఆ తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. కాలువ డ్రాపుల కింద పళ్లలా కట్టిన సిమెంటు దిమ్మలు, చివరన అడ్డంగా కట్టిన చిన్న గట్టు ఉంటాయి చూశారా? జంప్‌ను పట్టి ఆపడానికే అవి. అమెరికా బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ ఇంజనీర్లు 1950లలో ఇలాంటి దిమ్మల కొలతలను ప్రయోగశాలలో తేల్చారు. మనోళ్లు బట్టలుతకడానికి అడ్డమని, బండి దాటడానికి అడ్డమని వాటిని పగలగొడుతుంటారు. ఆ పని చేయవద్దు.

మేలు చేసేదే కీడూ చేస్తుంది

నీటి బలం కరిగిపోయిందంటే ఊరికే మాయమైందని కాదు. నీటిలో నీరు కొట్టుకుని కరిగింది. ఆ కొట్లాటలో దెబ్బలు అడుగున ఉన్న ఏప్రాన్‌కూ తగులుతాయి. పైపు కింది నురగలో అరచెయ్యి పెట్టి చూడండి. నీరు ఒకే తీరుగా నొక్కదు. ఒక క్షణం గట్టిగా అదుముతుంది, మరుక్షణం వదిలేస్తుంది, ఇంకోసారి పైకి లాగినట్టు ఉంటుంది. జంప్ కింద ఏప్రాన్ పరిస్థితీ అంతే. ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ సెకనుకు ఎన్నోసార్లు ఊగుతుంది. సెకనుకు రెండు దెబ్బలే అనుకున్నా, పది రోజులు మత్తడి పోస్తే 17 లక్షల పైచిలుకు దెబ్బలవుతాయి.

ఈ ఊగుడు ఎంత ఉంటుందో ప్రయోగశాలల్లో కొలిచారు. మామూలు వేళల్లో అది నీటి వేగపు బలంలో వందకు ఐదు నుంచి ఎనిమిది వంతులు. పై లెక్కలోని మత్తడికి నాలుగు నుంచి ఆరు అంగుళాల నీటి ఒత్తిడి అన్నమాట. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఇది సగటు మాట. మధ్య మధ్యలో వచ్చే పెద్ద దెబ్బ దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. అడుగు, అడుగున్నర దాకా పోవచ్చు. సగటు వానకు కట్ట తెగదు, పెద్ద వానకే తెగుతుంది కదా. ఇక్కడా అంతే, పరుపును లేపేది ఆ పెద్ద దెబ్బే.

అన్ని చోట్లా ఒకే తీరుగా కొట్టదు. జంప్ మొదలయ్యే చోటు నుంచి మొదటి మూడో వంతులో దెబ్బ ఎక్కువ. పై మత్తడికి జంప్ మొదలైన చోటు నుంచి ఆరేడు అడుగుల మేర అన్నమాట. చివరికి పోయేకొద్దీ నెమ్మదిస్తుంది. ఎండాకాలంలో ఏప్రాన్ చూడబోయినప్పుడు ముందు ఈ జాగాను చూడాలి. మనవాళ్లు చివరన గుంత పడిందా లేదా అని మాత్రమే చూసి వచ్చేస్తారు.

లేచేది ఎలా?

పై నుంచి కొట్టే దెబ్బకు గట్టి కాంక్రీటు పగలదు. కష్టమంతా నీరు దాని అడుగుకు చేరినప్పుడే. ఏప్రాన్‌లో చిన్న బీట ఉంది, లేదా రెండు పలకల మధ్య అతుకు నోరు తెరిచింది అనుకోండి. పైన గట్టి దెబ్బ పడినప్పుడు ఆ ఒత్తిడి బీట గుండా కిందికి దిగి పలక అడుగునంతా పరుచుకుంటుంది. సరిగ్గా అప్పుడే పలక పైభాగంలో ఒత్తిడి తగ్గిన క్షణం వస్తే, కింద నుంచి తోసే బలం ఎక్కువ, పైన అదిమే బలం తక్కువ. పలక లేస్తుంది. జాకీ పెట్టి లారీని లేపినట్టే.

దీనికీ లెక్క ఉంది. ఒక అడుగు లోతు నీరు చదరపు అడుగు మీద 28 కిలోల బరువు వేస్తుంది. ఆరు అంగుళాల మందం కాంక్రీటు చదరపు అడుగుకు 34 కిలోలు తూగుతుంది. అది నీటిలో మునిగి ఉంటే, బావిలో బిందె తేలికైనట్టు, 14 కిలోలు తగ్గి 20 కిలోలే మిగులుతుంది. అంటే పైకీ కిందికీ తొమ్మిది అంగుళాల ఒత్తిడి తేడా వస్తే చాలు, ఆరు అంగుళాల పలక లేవడానికి సిద్ధం. మీద మూడడుగుల నీరుంది కదా, దాని బరువు అదమదా అని మీరడగొచ్చు. అదుముతుంది. కానీ ఆ బరువే బీట గుండా కిందికీ చేరి కింద నుంచి అంతే బలంతో తోస్తుంది. రెండూ కొట్టేసుకుంటాయి. మిగిలేది ఊగుడు తేడానే.

ఇంకో సంగతి. దెబ్బ ఒకేసారి ఏప్రాన్ అంతటా పడదు. ఒకచోట గట్టిగా, పక్కన మెత్తగా పడుతుంది. పెద్ద పలక అయితే ఈ హెచ్చుతగ్గులు దాని మీద సర్దుకుపోతాయి. నులక మంచాన్ని ఒక మూల చేత్తో ఎత్తితే మంచమంతా లేవదు గదా. చిన్న ముక్కలుగా పగిలిన ఏప్రాన్ అలా కాదు. ఏ ముక్క కింద దెబ్బ పడితే ఆ ముక్క లేస్తుంది. ఒక ముక్క పోతే పక్క ముక్కకు ఆసరా పోతుంది, నీరు సూటిగా దాని కిందికి దూరుతుంది. అందుకే రాత్రి బాగానే ఉన్న ఏప్రాన్ తెల్లారేసరికి సగం కనపడదు. వాగు ఎత్తుకుపోయిందంటాం. ముందు లేపింది నురగ, తర్వాత ఎత్తుకుపోయింది వాగు.

పెద్ద డ్యాములకూ తప్పలేదు

ఇది చిన్న చెరువుల జబ్బు అనుకోవద్దు. ఇప్పటి బంగ్లాదేశ్‌లో, అప్పట్లో తూర్పు పాకిస్తాన్‌లో, కర్ణఫులి నది మీద కాప్తాయ్ డ్యాం కడుతున్న రోజులవి. 1961 వరదలకు దాని స్పిల్‌వే కాంక్రీటు పలకలు లేచిపోయాయి. తర్వాత అమెరికాలో దాని చిన్న నమూనా కట్టి నీరు పారించి చూస్తే, జంప్‌లో పుట్టిన ఒత్తిడి దెబ్బలు తెరపిల గుండా పలకల అడుగుకు చేరడమే కారణమని తేలింది. ఆ వివరాలు 1988లో అచ్చయ్యాయి. మెక్సికోలోని మాల్పాసో డ్యాంలో 1970లో ఇదే జరిగింది. అక్కడ లేచినవి మన ఏప్రాన్ పలకల్లాంటివి కావు. ఒక్కోటి 12 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల మందం. తూకం వేస్తే ఏడొందల టన్నులు. అంత బరువున్న పలకలను నీరు ఊడబెరికింది. ఇంజనీర్లు జంప్ కింద సగటు ఒత్తిడి మాత్రమే చూస్తే చాలదని, ఊగుడును కూడా లెక్కగట్టాలని గట్టిగా అనుకోవడానికి ఈ రెండూ కారణమయ్యాయి.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఒరోవిల్ డ్యాం సంగతి ఇంకా దగ్గరిది. 770 అడుగుల ఎత్తు, ఆ దేశంలో అదే అన్నిటికన్నా ఎత్తయినది. 2017 ఫిబ్రవరి 7న దాని స్పిల్‌వే పలకలు లేచి పెద్ద గొయ్యి పడింది. ఐదు రోజులకు లక్షా 88 వేల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. అక్కడ పలక లేచింది జంప్ దగ్గర కాదు, నీరు జారే వాలు మీద. అయినా లేచిన తీరు ఒకటే. వేగంగా పోయే నీరు బీటల్లోంచి, అతుకుల్లోంచి కిందికి దూరి పైకి తోసింది. 2018 జనవరిలో వచ్చిన విచారణ నివేదికలో ఒక మాట మనం బాగా చదవాల్సింది. స్పిల్‌వే కట్టిన కొద్దికాలానికే బీటలు పడ్డాయి. ఏళ్ల తరబడి వాటికి పైపైన అతుకులు వేస్తూ వచ్చారు. బీటలు మామూలేనని అలవాటు పడిపోయారు. మన దగ్గర 'ఆ ఏముందిలే, ఎప్పుడూ ఉన్న బీటే' అనుకోవడం లాంటిదే ఇది.

మేడిగడ్డ కూడా ఇంతేనా అని కొందరికి అనుమానం రావచ్చు. 2023 అక్టోబరు 21న అక్కడ పియర్లు కుంగాయి. ఆనకట్టల భద్రతా జాతీయ సంస్థ ఆ నవంబరులో ఇచ్చిన నివేదిక పునాది కింద ఇసుక నీటితో జారిపోవడాన్ని ముఖ్యంగా ఎత్తి చూపింది. కనుక దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టలేం. ఇక శ్రీశైలంలో నీటిని జంప్ చేయించరు. కింద పల్లెంలా వంచిన కాంక్రీటు మీద నుంచి గాల్లోకి విసిరి దూరంగా నదిలో పడేస్తారు. అక్కడి కష్టాలు వేరు.

ఇసుక బస్తాలు వేస్తే ఏమవుతుంది?

ఇప్పుడు మన చేతుల్లో ఉన్న సంగతికి వద్దాం. చెరువులో ఇంకో అడుగు నీరు ఆగుతుందని మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చడం చాలా ఊళ్లలో ఉంది. చివరి ఆయకట్టు వాళ్లకు రెండో పంట మీద ఆశ. ఆ ఆశ తప్పు కాదు. కానీ ఈ పని చేసేవాళ్లు కట్ట గురించే ఆలోచిస్తారు తప్ప ఏప్రాన్ గురించి ఆలోచించరు.

పై లెక్కనే తీసుకోండి. మత్తడి పొడవు 100 అడుగులు. 1,000 క్యూసెక్కుల వరద వచ్చింది. మత్తడి అంతా తెరిచి ఉంటే అడుగుకు 10 క్యూసెక్కులు. సగానికి బస్తాలు వేశారు, అవి గట్టిగా ఆగాయి. ఇప్పుడు మిగిలిన 50 అడుగుల్లోంచే నీరంతా పోవాలి. అంటే అడుగుకు 20 క్యూసెక్కులు. మత్తడి మీద నీటి లోతు రెండడుగుల పైచిలుకు నుంచి మూడున్నర అడుగులకు పెరుగుతుంది. చెరువు నీరు కట్ట మీదికి అడుగుంబావు ఎక్కువ ఎక్కినట్టే. ఇది ఒక ప్రమాదం, అందరికీ తెలిసిందే.

రెండోది కనపడదు. ఆ 50 అడుగుల మేర కింద జంప్ నిలవాలంటే ఇప్పుడు నాలుగున్నర అడుగులకు పైగా లోతు కావాలి. వాగులో పోయే మొత్తం నీరు మారలేదు, ఆ వెయ్యి క్యూసెక్కులే. కాబట్టి వాగులో లోతు పాత మూడుంబావు దగ్గరే ఉంటుంది. లోతు చాలక జంప్ దిగువకు జరిగి ఏప్రాన్ అంచు దాకా, అది దాటి మట్టి దాకా పోతుంది. పక్కన నీరు పారని సగంలో సుడి తిరిగి వాగు అడుగున ఉన్న రాళ్లను ఏప్రాన్ మీదికి తెచ్చి గిరగిరా తిప్పుతుంది. ఆ రాళ్లు కాంక్రీటును రుబ్బురోలులా అరగదీస్తాయి. షట్టర్లున్న చోట కూడా ఇదే నియమం. ఒక్క షట్టరు పూర్తిగా ఎత్తి మిగతావి మూసే కన్నా, అన్నిటినీ కొంచెం కొంచెం సమానంగా ఎత్తడం మంచిది.

ఇసుక తీయడం కూడా ఇలాంటిదే. మత్తడి కింద వాగులో ఇసుక, మొరం తవ్వుకుపోతే వాగు అడుగు దిగిపోతుంది. అడుగు దిగితే నీటి మట్టమూ దిగుతుంది. నిన్నటిదాకా ఏప్రాన్ మీద నిలిచిన జంప్ ఇవాళ మట్టి మీదికి పోతుంది. మత్తడిని ఎవరూ ముట్టుకోలేదు, అయినా పాడైంది. ట్రాక్టరు ఇసుకకు వచ్చే డబ్బు కొందరిది, మత్తడి పోతే ఎండే పొలం అందరిది. నన్నడిగితే మత్తడికి కనుచూపు మేరలో వాగును ఎవరినీ తవ్వనీయకూడదు.

నష్టం ఏ పాటిదో మన జిల్లాలకు కొత్త కాదు. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు 1న పడ్డ వానలకు ఉమ్మడి వరంగల్, ఖమ్మం వైపు చెరువులు తెగాయి. మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు కట్టే కొట్టుకుపోయింది. తెగిన చెరువు కింద ఎకరం, రెండెకరాల రైతుకు వరి పోవడం ఒక్కటే కాదు, మడిలో ఇసుక మేట వేస్తే దాన్ని ఎత్తిపోయడానికి అయ్యే ఖర్చు పంట ఖర్చును మించుతుంది.

నురగలో దిగవద్దు

మాట మధ్యలో మరో మాట. మత్తడి పోసినప్పుడు చేపలు ఎదురెక్కుతాయి. వాటి కోసం కుర్రాళ్లు వలలు పట్టుకుని సరిగ్గా జంప్ దగ్గరే దిగుతారు. జంప్‌లో పై నీరు వెనక్కి, మత్తడి వైపే తిరుగుతుంది. అందులో పడ్డ దుంగ బయటికి రాకుండా అక్కడే మునుగుతూ తేలుతూ ఉండడం మీరు చూసే ఉంటారు. మనిషి పడినా అంతే. నీటిలో గాలి బుడగలు నిండి ఉంటాయి కనుక ఈత వచ్చినవాడికీ తేలడం కష్టం. లోతు నడుముదాకే కదా అనుకోవద్దు. చేపలు పట్టాలంటే నురగ దాటి నీరు నెమ్మదించిన చోట పట్టుకోండి.

ఎండాకాలంలో ఏం చూడాలి?

ఏప్రాన్ ఎండి ఉన్నప్పుడే పని. నీరటి కాడినో, చెరువు సంగతి తెలిసిన పెద్దమనిషినో వెంటబెట్టుకుని నలుగురైదుగురు రైతులు పోండి. ముందు ఏప్రాన్ మీది ఇసుక, ఒండ్రు, చెత్త పూర్తిగా ఊడ్చేయండి. ఊడ్వకుండా చూస్తే చూడనట్టే. తర్వాత బక్కెటు నీళ్లు చల్లి ఆరనివ్వండి. అంతా ఆరాక బీటలున్న చోట తడి గీతలు మిగిలిపోతాయి. సన్న బీటలు కూడా అలా బయటపడతాయి.

గునపం మొద్దు కొసతో ఏప్రాన్ మీద అడుగుకో చోట కొడుతూ పోండి. గట్టి చోట కంగుమంటుంది. కింద మట్టి జారి బోలుగా ఉన్న చోట డబడబమని డప్పులా మోగుతుంది. ఆ జాగా చుట్టూ సున్నంతో గీత గీయండి. మత్తడి గోడ కింది నుంచి మొదటి పదిహేను అడుగుల్లో ఏ పలకైనా పక్కదాని కంటే అర అంగుళం పైకి లేచి ఉంటే అది చిన్న సంగతి కాదు. లేచిన అంచు నీటికి ఎదురు నిలిచి, ఒత్తిడిని సూటిగా సందులోకి మళ్లిస్తుంది. దిగిన అంచు కంటే లేచిన అంచే ప్రమాదం.

ఏప్రాన్‌లో వదిలిన రంధ్రాలు కొన్నిచోట్ల ఉంటాయి. భూమిలోంచి ఊరే నీరు ఒత్తిడి పెట్టకుండా బయటికి పోవడానికి అవి. వాటి కింద కంకర, ఇసుక పొరలు వేసి ఉండాలి. రంధ్రంలోంచి తేట నీరు వస్తే భయం లేదు. ఇసుక, మట్టి కలిసి వస్తే ఏప్రాన్ కింద ఖాళీ అవుతోందని గుర్తు. ఇంకో తిరకాసు ఉంది. ఇవే రంధ్రాలు జంప్ మొదటి భాగం కింద ఉంటే పై దెబ్బను కిందికి చేరవేసే దారులవుతాయి. కొత్తగా ఏప్రాన్ వేస్తుంటే రంధ్రాలు ఎక్కడ పెడుతున్నారో ఇంజనీరును అడగండి. జంప్ బలంగా కొట్టే జాగాలో కాకుండా చివరి వైపు పెట్టడం మేలు.

మరమ్మతు ఎలా ఉండాలి?

కాంట్రాక్టరు వచ్చి బీటల మీద సిమెంటు పూత పూసి, బిల్లు చేసుకుని పోవడం చూస్తూనే ఉన్నాం. బోలుగా ఉన్న పలక మీద పూత పూస్తే పుండు మీద పౌడరు చల్లినట్టే. ముందు కింది ఖాళీ నిండాలి. బోలు మోగిన చోట పలకకు రంధ్రం చేసి, పలుచని సిమెంటు పాలు, ఇసుక కలిపి, ఇక పట్టనంత వరకు పోయాలి. ఖాళీ పెద్దదైతే ఆ పలకను పగలగొట్టి తీసి, నేల గట్టిగా దిమ్మిస కొట్టి, కొత్తగా వేయాలి. బీటను ఉలితో వెడల్పు చేసి, దుమ్ము కడిగి, తడి చేసి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక కలిపిన గట్టి మాలుతో కూరాలి.

కొత్త పలక వేసేటప్పుడు ఆరు అంగుళాలు చాలదని పై లెక్కలోనే తేలింది. ఎంత మందమన్నది దూకే ఎత్తును బట్టి ఇంజనీరు చెప్పాలి. రైతులు అడగాల్సినవి మాత్రం ఉన్నాయి. పలకలు చిన్న చిన్న గళ్లుగా పోస్తున్నారా, పెద్దవిగా పోస్తున్నారా? పక్క పలకతో ఇనుప కడ్డీలు కలుపుతున్నారా? అతుకుల్లో నీరు దిగకుండా రబ్బరు పట్టీ వేస్తున్నారా? ఏప్రాన్ చివర నేలలోకి దిగే కటాఫ్ గోడ ఎంత లోతు? ఈ నాలుగూ అడిగేవాళ్లుంటే పని తీరు మారుతుంది. పాత పెద్ద చెరువులకు చాలాచోట్ల మత్తడిని గుట్ట వారన రాతి నేల మీదికి మళ్లించడం చూస్తాం. రాయి మీద నురగ ఎంత కొట్టినా లేపడానికి అక్కడ పలక ఉండదు.

పెద్ద డ్యాములను చూసుకోవడానికి 2021లో చట్టం వచ్చింది. అది 15 మీటర్ల కంటే ఎత్తయిన వాటికి, కొన్ని షరతుల మీద 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. మన ఊరి చెరువులు చాలావరకు దాని కిందికి రావు. కాబట్టి ఏటా తనిఖీకి ఎవరో వస్తారని ఎదురుచూడవద్దు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో బాగుచేసిన మత్తళ్లకు కూడా పదేళ్లు దాటుతున్నాయి. సున్నం గీతలు గీసిన చోట ఫోటోలు తీసి, గ్రామ పంచాయతీ తీర్మానంతో పాటు నీటిపారుదల శాఖ ఏఈఈకి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. నోటిమాటగా చెబితే గుర్తుండదు.

ఈ పనంతా మార్చిలో మొదలుపెడితేనే వానలకు ముందు అవుతుంది. కొత్త కాంక్రీటును గోనె సంచులు కప్పి కనీసం రెండు వారాలు తడపాలి. ఆ తర్వాత ఇంకో వారం రెండు వారాలు గట్టిపడనివ్వాలి. జూన్ రెండో వారంలో మొదటి వరద వస్తుందనుకుంటే, మే మొదటి వారం తర్వాత పోసిన పలక నీటి దెబ్బకు పచ్చిగానే దొరుకుతుంది.